ఫౌంటెన్‌కి అవతలి స్టోరు

మా బస్సు ఆఖరి స్టాపు దాటితే అంతా ఖాళీ స్థలమే ఉండేది. నాకు ఇరవయ్యేళ్ళప్పుడు అక్కడ మాల్ కట్టారు. ఈ చివర ఒక పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరు, ఆ చివర ఇంకొకటి, మధ్యలో చిన్నాచితకా దుకాణాలు, నట్టనడుమ ఫౌంటెన్. ముఖద్వారం మీద పెద్ద గడియారం ఉండేది కాబట్టి మాది గడియారం స్టోరు. కదిలే మెట్లు ముందుగా పెట్టింది వాళ్ళు కాబట్టి వాళ్ళది మెట్ల స్టోరు. రెంటి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. వాళ్ళ ఉద్యోగులు ఫౌంటెన్ దాటి ఇటు రాకూడదు, మేం అటు వెళ్ళకూడదు. అవతలి స్టోరులో అయినవాళ్ళు పనిచేస్తుంటే ఇవతల ఉద్యోగమే ఇవ్వరు.

మా అక్క మెట్ల స్టోరులో చేరింది. నేను గడియారం స్టోరులో చేరాను. దరఖాస్తులో బంధువులెవరూ లేరని ఇద్దరం నిక్షేపంగా రాశాం.

ఒకే అద్దం ముందు తల దువ్వుకుని ఒకే బస్సెక్కేవాళ్ళం. బస్సులో మాత్రం నేను ముందు, అక్క వెనక. దిగేటప్పుడు నాది ముందు తలుపు, తనది వెనక తలుపు. మధ్యాహ్నం ఫౌంటెన్ గట్టు మీద ఇటు తిరిగి నేను, అటు తిరిగి తను కూర్చుని తినేవాళ్ళం. ఎవరైనా రెండు టిఫిన్ డబ్బాల్లోకీ తొంగిచూసి ఉంటే మా గుట్టు రట్టయ్యేది.

ఆ రోజులు తలచుకుంటే నాకిప్పటికీ ప్రాణం లేచొస్తుంది. ఆదివారాలు ఇసుక వేస్తే రాలనంత జనం. మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు. నాది దుప్పట్లు, తెరల విభాగం. అక్కది సెంటు కౌంటరు. అమ్మకంలో తన తర్వాతే ఎవరైనా. ఆవిడ మా అక్కేనని నలుగురికీ చెప్పుకోలేక గింజుకుపోయేదాన్ని. ఇంటికి చేరాక మాత్రం మాటలే మాటలు. నా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ తను నాకు అన్నీ చెప్పేది.

ఆరో ఏడు ఓసారి భోజనం చేస్తూ, "ఈసారి మా సేల్ గురువారం నుంచే. ముగ్గురికే తెలుసు, ఎక్కడా అనకు" అంది. మర్నాడు మా ఫ్లోర్ మేనేజరు నన్ను అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. ఎవరి మాటనైనా సగంలోనే కత్తిరిస్తాడని అతనికి కత్తెర అని పేరు పెట్టాం. అతని దగ్గర మంచిదాన్ని అనిపించుకోవాలన్న ఉబలాటంలో గురువారం సేల్ సంగతి అనేశాను. మా సేల్ బుధవారమే మొదలైంది. నన్ను విభాగానికి ఇన్‌ఛార్జిని చేశారు. మాట పొక్కించిందన్న అనుమానంతో అక్కను సెంటు కౌంటరు నుంచి తీసేసి, బేస్‌మెంట్‌లో బహుమతులకు కాగితాలు చుట్టే గదిలో వేశారు. "కాళ్ళు నొప్పులని నేనే అడిగాను" అని ఇంట్లో చెప్పింది. నమ్మినట్టు తలూపాను.

ఇరవై రెండేళ్ళు ఆ తప్పు అక్క ముందు ఒప్పుకోలేకపోయాను. అమ్మ వింటుందని కొన్నాళ్ళు, పెళ్ళయి వేరే ఇంటికి వెళ్ళానని కొన్నాళ్ళు వాయిదా వేశాను. ఈలోగా జనం ఫోనులోనే దుప్పట్లు కొనడం నేర్చారు. మధ్య దుకాణాలు ఒక్కొక్కటే షట్టర్లు దించేశాయి. ఫౌంటెన్ ఎండిపోయింది. చివరికి రెండు స్టోర్లూ ఒకే రోజున మూసేస్తున్నామని కాగితాలు అంటించాయి. జన్మకు ఆ ఒక్క విషయంలో కలిశాయి.

ఆఖరి రోజు మధ్యాహ్నం, ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పలేననిపించింది. బ్యాడ్జీ తీయకుండానే ఫౌంటెన్ దాటాను. ఆపడానికి ఎవరూ లేరు. ఆగిపోయిన కదిలే మెట్ల మీద నడిచి బేస్‌మెంట్‌కి దిగాను.

అక్క మిగిలిన రిబ్బన్లు చుట్టలు చుడుతోంది. నన్ను చూడగానే అలవాటు కొద్దీ అటూ ఇటూ చూసింది.

"ఎవరైనా చూస్తారే!" అంది. ఇద్దరం పకపకా నవ్వాం.

ఆ నవ్వులోనే అనేశాను. "అక్కా, అప్పట్లో గురువారం సేల్ సంగతి మా కత్తెరకి చెప్పింది నేనే."

"తెలుసు. నువ్వు కాకపోతే ఇంకెవరు చెబుతారే?"

"మరి ఒక్క మాటైనా అనలేదేం?"

"అనడమెందుకు? నీకు ఏ సంగతీ చెప్పడం మానేశాను, అంతే."

మానేయడమేమిటి, రోజూ గంటలు గంటలు ఫోనులో మాట్లాడుకుంటున్నాంగా అనబోయాను. ఆ గంటల్లో అక్క ఏం చెప్పిందా అని వెతుక్కున్నాను. కూరేం వండావు, పిల్లలెలా ఉన్నారు, ఎండలు మండిపోతున్నాయి. మిగతా మాటలన్నీ నావే. ఇన్నేళ్ళూ అది నేను గమనించనైనా లేదు. నామీద నాకే అసహ్యం వేసింది.

"ఏం చెప్పలేదు నాకు?" అని అడిగాను.

అక్క రిబ్బను పక్కన పెట్టింది. "మీ స్టోరులో సూట్‌కేసుల దగ్గర ఒకాయన ఉండేవాడు. ఎడమచేతి వాటం."

ఉండేవాడు. మూడేళ్ళు నా పక్క విభాగమే.

"పెళ్ళి చేసుకుందామన్నాడు. వేరేచోట ఉద్యోగం దొరికేదాకా బయటికి పొక్కకూడదు, ముందు ఇంట్లో మాత్రం చెప్పు అన్నాడు. ఇంట్లో అంటే నువ్వూ ఉన్నావుగా. పొక్కితే ఈసారి ఆయన ఉద్యోగమే పోతుంది. రేపు మాపు అంటూ ఏడాది గడిపేశాను. ఆయనకీ విసుగొచ్చి బదిలీ పెట్టుకుని వెళ్ళిపోయాడు."

నేను సెంటు కౌంటరుకి సరిపడా క్షమాపణ సిద్ధం చేసుకుని వచ్చాను. అక్క స్టూలు ఒకటి నావైపు జరిపింది.

"పనిలో ఎలా ఉండేవాడే? ఫౌంటెన్ దాటి వచ్చి నేనెప్పుడూ చూడలేదు. నీకు గుర్తున్నదంతా చెప్పు."

తాళాలు సరిచేస్తూ ఈలలు వేసేవాడని చెప్పాను. ఏడ్చే పిల్లల్ని ఖాళీ సూట్‌కేసులో కూర్చోబెట్టి అంతస్తంతా లాగేవాడని, అది చూసి కత్తెర కూడా ఎక్కుతానన్నట్టు ముఖం పెట్టేవాడని చెప్పాను. ఏడుపు ఆగక మధ్యలో ఆపేశాను.

"తర్వాత?" అంది అక్క.