పైవాడి చిరునామా

మా అమ్మాయికి నీటి సరఫరా శాఖలో ఉద్యోగం ఖాయమైంది. ఇక మిగిలింది విచారణాధికారి సంతకం ఒక్కటే. ఆయన ఉదయం పదింటికి మా ఇంటికి వచ్చారు. కుర్చీలో కూర్చుని సంచిలోంచి కాగితాల కట్ట తీశారు. ఎదురుగా కూర్చున్న నేను పై కాగితాన్ని తలకిందులుగానే చదివాను. మా అక్కతో నేను ఫోన్లో మాట్లాడిన మాటలు. నేను దగ్గిన చోట కూడా 'దగ్గు' అని రాసి ఉంది.

"ఈ పైవాడు ఎవరమ్మా?" అన్నారు.

"ఎవరండీ?"

"మూడు నెలల్లో నలభై ఒక్కసార్లు అన్నారు. 'అంతా పైవాడు చూసుకుంటాడు, మనం నోరు మూసుకుని కూర్చోవాలి.' ఇది నాలుగో తారీఖున."

నాకు నవ్వొచ్చింది. "దేవుడండీ! అక్క మోకాలి ఆపరేషన్‌కి భయపడుతుంటే ధైర్యం చెప్పాను."

ఆయన నవ్వలేదు. "మీ పై వాటాలో ఎవరుంటారు?"

నేను నవ్వు ఆపాను. "గడియారాలు బాగుచేసే అన్నయ్యగారు."

"మీ అన్నయ్యా? బంధువుల జాబితాలో రాయలేదే!"

"అయ్యో, పిలుపుకే అన్నయ్యండీ. కావాలంటే మిమ్మల్నీ అలాగే పిలుస్తాను."

"నన్ను పిలవకండి," అంటూ ఏదో రాసుకున్నారు. తర్వాత ఒక ఫారం నా ముందుకు జరిపారు. పైవాడి పేరు, చిరునామా, ఎన్నేళ్ళ పరిచయం.

"దేవుడికి చిరునామా ఏం రాయనండీ?"

"రాయకపోతే 'ఆచూకీ తెలియదు' అని నేను రాస్తాను. ఆయన దొరికేదాకా అమ్మాయి ఫైలు కదలదు. పై వాటా అని రాస్తే ఇప్పుడే సంతకం పెడతాను."

వంటింటి గుమ్మంలోంచి అమ్మాయి అంది, "ఏదో ఒకటి రాసెయ్ అమ్మా."

పైన కుర్చీ జరిపిన చప్పుడైంది. అధికారి తలెత్తి కప్పు వంక చూశారు.

పేరు దగ్గర 'దేవుడు' అని రాశాను. చిరునామా గడిలో, తర్వాత ఎవరూ నింపకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీశాను. అమ్మాయి విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచారు. తలుపు వేసి అక్కడే నిలబడ్డాను. అడుగుల చప్పుడు మెట్లు దిగలేదు. పైకి వెళ్ళింది.

గొళ్ళెం తీయబోతుంటే అమ్మాయి పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వెళ్ళకమ్మా. నువ్వు వెనకే వెళ్తే నిజమేననుకుంటాడు."

పైన తలుపు తట్టారు. ఎవరో వాచీ తెచ్చారనుకున్నట్టున్నారు, అన్నయ్యగారు హుషారుగా, "వస్తున్నా, వస్తున్నా" అన్నారు.