జాషువా సారు పెట్టిన ఆదరణ కూడిక

రామన్నపేట ప్రెస్బిటేరియన్ సంఘంలో ఒక ఎల్డర్ కుర్చీ ఖాళీ అయింది. అందులో కూర్చునే ఆయన బదిలీ మీద అచ్చంపేట వెళ్లిపోయాడు. ఆ సంఘాన్ని పాస్టరు ఒక్కడే నడపడు. సభ్యులు చీటీలు వేసి ఎన్నుకున్న పెద్దలు కూడా నడుపుతారు. వాళ్లే ఎల్డర్లు. ఆరాధనలో వాళ్లకు వేదిక పక్కన, జనం వైపు తిరిగిన కుర్చీలుంటాయి. అందరూ దేవుడి వైపు చూస్తుంటే వాళ్లు అందరి వైపూ చూస్తారు.

రిటైర్డ్ హెడ్మాస్టరు జాషువాకు ఆ కుర్చీ కావాలి. ఇంతకుముందు రెండుసార్లు నిలబడ్డాడు. రెండుసార్లూ దేవుని చిత్తం వేరేగా ఉంది. ఈసారి దేవుడికి ఆ అవకాశం ఇవ్వకూడదనుకున్నాడు. సఫారీ సూటు కుట్టించాడు. గేటుకు కొత్త పేరు పలక చేయించి, 'జాషువా'కు ముందు మూడక్షరాల జాగా వదిలించాడు.

సంఘంలో ఆయనకున్న పేరల్లా తప్పులు దిద్దుతాడని. అందరూ ప్రార్థనలో కళ్లు మూసుకుంటే ఆయన చెవులు తెరిచేవాడు. ఒక ఆదివారం గుర్వమ్మ ఏడుస్తూ ప్రార్థన చేసి కూర్చోగానే పక్కకు వెళ్లాడు. "కృప అనవలెనమ్మా, కురుపు కాదు. కురుపు అనగా గడ్డ. ఇంతసేపూ నీవు దేవుణ్ణి గడ్డ ఇమ్మని అడిగితివి." ఆ రోజు నుంచి గుర్వమ్మ నలుగురిలో ప్రార్థన చేయడం మానేసింది. భాష శుద్ధి అయిందని జాషువా సంతోషించాడు.

"సార్, దిద్దుడు జర బంద్ చేసి మందికి ధైర్యం చెప్పుండ్రి," అన్నాడు ఎల్లేష్ పాస్టరు. "పానం బాగలేనోళ్ల ఇండ్లకు పోండ్రి. ఎల్డర్ అంటే గదే గదా."

పానం బాగలేనివాళ్లలో ఎవరు లాభసాటి అని జాషువా ఆలోచించాడు. గుర్వమ్మ భర్త దుర్గయ్య తట్టాడు. చౌరస్తా దగ్గర పంక్చర్లు వేసే మనిషి. చర్చి కప్పెక్కి మైకు బిగిస్తూ జారిపడి, కాలికి రాడ్డు వేయించుకుని మంచం మీద ఉన్నాడు. ఆయనంటే ఊరందరికీ ఇష్టం. ఎన్నిక ఆదివారం. శనివారం దుర్గయ్య ఇంటి ముందు షామియానా వేసి ఒక కూడిక పెడితే ఆ ఇష్టంలో కొంత తన వైపు మళ్లుతుంది.

"పేరు ఆదరణ కూడిక," అని భార్య సుచరితకు చెప్పాడు.

ఆమె చాటలో బియ్యం ఏరడం ఆపింది. "మీకేమన్న అయ్యిందా? ఆదరణ కూడికంటే సచ్చినోళ్ల ఇంట్ల పెడ్తరు. ఇంటోళ్లను ఓదార్చనీకి."

"అది జనుల అజ్ఞానము. ఆదరణ అనగా ధైర్యము చెప్పుట. బ్రతికియున్నవారికే చెప్పవలెను."

"వాడుక ఒకటుంటది గదా!"

జాషువా ఎప్పుడూ పుస్తకం భాషే మాట్లాడేవాడు. కోపం వస్తే మాత్రం పుట్టిన ఊరు బయటపడేది. "మందికి తెలుగు రాకపోతే నేనేం జేయాలె?" అని అరిచాడు.

ఫ్లెక్సీలు వేసే ముజఫ్ఫర్ దుకాణానికి రెండు ఫొటోలు, 'ఆదరణ కూడిక' అని రాసిన కాగితం పట్టుకెళ్లాడు. "దుర్గయ్యది పెద్దగా పెట్టుము. నాది ఇంకొంచెం పెద్దగా పెట్టుము."

ముజఫ్ఫర్ కాగితం చదివి, దుర్గయ్య ఫొటోను రెండు చేతులతో అందుకున్నాడు. "మంచోడు సార్. నా బండికి ఎన్నిమార్లు గాలి కొట్టిండో."

"మంచివాడే. నా బొమ్మ క్రింద ఎల్డర్ అభ్యర్థి అని వేయవచ్చునా?"

"గిసొంటి దాంట్ల బాగుండది సార్," అన్నాడు ముజఫ్ఫర్ బాధగా.

ఫ్లెక్సీలో దుర్గయ్య వెనక మబ్బులు, రెండు తెల్ల పావురాలు, ఆకాశంలోకి పోయే మెట్లు ముజఫ్ఫర్ తన తరఫున వేశాడు. జాషువా అక్షరం అక్షరం చదివాడు. ఒక్క తప్పూ దొరకలేదు. తృప్తిగా ఇంటికెళ్లాడు.

శనివారం పొద్దున ఫ్లెక్సీ చౌరస్తాలో లేచింది. పదింటికల్లా మెకానిక్కులు షట్టర్లు దించేశారు. ఫొటో ఫోన్లలో ఊళ్లు దాటింది. మూడింటికి దుర్గయ్య అక్క ఆటో దిగి, వాకిట్లోనే జుట్టు విప్పుకుంది.

"ఓ తమ్మీ! నాకు మొకమన్న సూపియ్యకుండనే పోతివారా!"

"నేనేడికి పోయిన అక్కా?" అని లోపలి నుంచి దుర్గయ్య కేకేశాడు. "కాలుకు రాడేసి పండవెట్టిండ్రు. చాయ్ తాగుతవా?"

ఆమె లోపలికెళ్లి ముందు ఒకటి చరిచింది, తర్వాత కౌగిలించుకుని ఏడ్చింది. వాకిట్లో వంద మంది పూలదండలతో నిలబడి, వాటినేం చేయాలో తెలియక షామియానా గుంజలకు తగిలించారు. జాషువా మైకు పట్టుకుని ఆదరణ అనే మాటకు నిఘంటువులో అర్థం చెప్పబోయాడు.

"గా నిఘంటువును నీ ఇంట్ల పెట్టుకో సారూ!" అని ఎవరో అరిచారు.

పాస్టరు మైకు లాక్కున్నాడు. "వచ్చినోళ్లం వచ్చినం. మనిషి పోయినంక చెప్పే మంచి మాటలు మనిషి ఉండంగనే చెప్పిపోదాం."

చెప్పారు. దుర్గయ్యను మంచంతో సహా షామియానా కిందికి తెచ్చి మరీ చెప్పారు. మామూలుగా ఇలాంటి చోట కొంత కల్పించాల్సి వస్తుంది. ఆ అవసరం రాలేదు. చివరికి శ్రీశైలం అనే ఆర్టీసీ కండక్టరు లేచాడు. "కరోనాల మా బాపు పోతే పీనుగును ముట్టనీకి కొడుకులమే భయపడ్డం. దుర్గన్న వచ్చి ఎత్తిండు. గీ మాట ఇన్నేండ్లు సిగ్గుకు చెప్పలే." కూర్చుని తువ్వాలు ముఖం మీద వేసుకున్నాడు.

తర్వాత జాషువా వంతు. ఆయన జేబులో ఒక్క కాగితమే ఉంది, 'ఎల్డరుకు ఉండవలసిన లక్షణములు'. తనను చూసుకుంటూ తనే రాసుకున్నాడు. చదివాడు. దీనుల యెడల కనికరము అన్నాడు. జనం మంచం వైపు చూశారు. ఫలాపేక్షలేని సేవ అన్నాడు. మళ్లీ అటే చూశారు. "అటువంటి మనిషి మన సంఘమునకు అవసరము!" అని ముగించగానే షామియానా ఊగేలా చప్పట్లు కొట్టారు. జాషువా చేతులు జోడించాడు.

ఆదివారం పాస్టరు పేర్లు అడిగాడు. జాషువా పేరు ఒకరు చెప్పారు. వెనక నుంచి శ్రీశైలం "దుర్గయ్య" అన్నాడు. దుర్గయ్య ఇంట్లో మంచం మీద ఉన్నాడు, అతనికి ఈ సంగతే తెలియదు. చీటీలు విప్పితే అతనికి తొంభై నాలుగు, జాషువాకు ఆరు. ఆ రోజు ముగింపు ప్రార్థన గుర్వమ్మ చేసింది. గట్టిగానే చేసింది. జాషువా ఒక్క మాట కూడా వినలేదు. ఆ ఆరూ ఎవరివా అని ఆలోచిస్తున్నాడు.

ఇంటికొచ్చి సఫారీ విప్పకుండానే అడిగాడు. "నీవు ఎవరికి వేసితివి?"

"దుర్గయ్యకు," అంది సుచరిత.

"ఎందుకే?"

"నిన్న మైకుల మీరే చెప్తిరి గదా, గసొంటి మనిషి సంఘానికి గావాలని. మీ మాట నేనెన్నడన్న తీసేసిన్నా?"

జాషువా సఫారీ మొదటి గుండీ విప్పాడు.

"గసొంటి కాదు," అన్నాడు. "అటువంటి."