ప్లాసిదో పళ్లెం

జీపులోంచి తీగచుట్ట దించుతుండగానే సతుర్నినా అక్క ఎదురొచ్చింది. పలకరింపు లేదు, కాఫీ లేదు.

"నీ బోరు నా నేలని ఉడకబెడుతోంది. ఔనో కాదో చూసి చెప్పు, చాలు."

ఇరవై రెండేళ్ల కిందట, ఆమె చున్యో పరిచే చదును పక్కనే మేం రెండు వందల మీటర్ల బోరు వేశాం. చోటిచ్చింది ఆమె భర్త ప్లాసిదో. భూమి లోపల్నుంచి పైకి ఎంత వేడి వస్తోందో కొలవడం నా ఉద్యోగం. ఈ బొలీవియా కొండలన్నీ ఎక్కి దిగి మోకాళ్లు అరిగాయి గానీ, ఏ ఊళ్లోనూ ఎవరూ నన్ను మెచ్చుకున్న పాపాన పోలేదు.

చున్యో అంటే తెలుసుగా, మా చలికాలమైన జూన్‌లో రాత్రిళ్లు ఆరుబయట గడ్డకట్టిన బంగాళాదుంపల్ని పగలు కాళ్లతో తొక్కి, నీళ్లు పిండి, ఎండబెడతాం. పదేళ్లయినా చెడదు. మూడేళ్లుగా అక్క చదును మీద దుంపలు గడ్డకట్టడం మానేసి కుళ్లిపోతున్నాయి. బోరు వేసిన రోజు నేలతల్లి పచమామకి ప్లాసిదో పూజ సగంలో వదిలేశాడనీ, ఆ తల్లి కోపమే వేడిగా పైకొస్తోందనీ ఊరంతా ఒకటే మాట. అక్క కూడా నమ్మింది. ప్లాసిదో పోయి ఏడేళ్లు. పోయినవాళ్లకి నవంబరులో భోజనం పెట్టే రోజున, మూడేళ్లుగా ఆమె ఆయనకి పళ్లెం పెట్టడం లేదు.

"కడుపు మాడితే తెలిసొస్తుంది," అంది, నేనడక్కుండానే.

బోరు మూత తీసి థర్మామీటరు దించాను. ఐదు మీటర్లకోసారి ఆపాలి, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగాలి, రాసుకోవాలి. అక్క పక్కనే రాయి మీద కూర్చుంది.

"అసలు కింద వేడెందుకుంటుంది?"

"సముద్రం అడుగునున్న నేల పడమటి నుంచి మన కొండల కిందికి దూరుతోంది అక్కా. అందుకే ఈ అగ్నిపర్వతాలూ, ఈ వేడీ."

"బాగుంది వరస! మన సముద్రాన్నేమో చిలీవాళ్లు యుద్ధం చేసి లాక్కుపోయారు. దాని అడుగు మాత్రం బొలీవియాకి తోశారా?"

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె నవ్వలేదు.

మధ్యాహ్నానికి తీగ అడుక్కి చేరింది. పాత నోట్‌బుక్ తీసి పక్కన పెట్టుకుని చూశాను. అరవై మీటర్ల నుంచి అడుగు దాకా అప్పటి అంకెలే, పిసరు తేడా లేదు. మారిందల్లా పైభాగం. లోపలికి పోయేకొద్దీ వేడి పెరగాలి కదా, ఇక్కడ ముందు తగ్గి, ఆ తర్వాత పెరుగుతోంది. అనుమానమొచ్చి, పైకి లాగుతూ మళ్లీ కొలిచాను. అదే లెక్క.

"అక్కా, కింద్నుంచి వచ్చే వేడి ఏమీ పెరగలేదు. ఇది పైనుంచి దిగిన వేడి. గాలి వేడెక్కింది, గాలి వల్ల నేల వేడెక్కింది. బోరు ఉన్నా లేకపోయినా ఇంతే."

"అయితే నా దుంపలు ఇక్కడ గడ్డకట్టవా?"

"కట్టవనే అనుకుంటున్నా. ఇంకా పైకి మోసుకెళ్లాలి."

అక్క కొండ వైపు కాదు, బోరు వైపే చూస్తూ ఉండిపోయింది. "అయితే ఆయన తప్పు లేదన్నమాట," అంది మెల్లగా.

ఇంక దాచలేకపోయాను. "పూజ సగంలో ఆపించింది నేనే అక్కా. చలికి తట్టుకోలేక తొందరపెట్టాను. అమ్మవారికని తెచ్చిన సారాయి కూడా సగం నేనే తాగాను."

"తెలుసు. ఆయన అప్పుడే చెప్పాడు. నువ్వు తొందరపెడితే మాత్రం ఆయనెందుకు ఆపాలనే నా కోపం. పొద్దున్నుంచి నీకు కాఫీ ఎందుకివ్వలేదనుకున్నావ్?"

తలొంచుకుని తీగ చుట్టసాగాను. ఆమె లేచి ఇంట్లోకి వెళ్లింది. చాలాసేపటికి పొగలు కక్కే చున్యో పులుసు పళ్లెంలో పోసుకుని తెచ్చింది. నేను చేతులు తుడుచుకున్నాను. నన్ను దాటిపోయి, పళ్లేన్ని బోరు మూత మీద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుంది.

"నవంబరు దాకా ఆగలేను," అంది బోరుతో. "ఆఖరి సంచి విప్పాను. నువ్వు తొక్కిన దుంపలే. తిను."