నాలుగు తలకట్లు

నేను ఒక టేకు చెక్కని. లారీ నెత్తిన కూర్చుని, ఎదురొచ్చే వాళ్లందరికీ ఒక ఆడపిల్ల పేరు చూపించడమే నా ఉద్యోగం. అనకాపల్లి పేంటరు ఒకడు నాకు ఎర్రరంగు పూసి, పై అంచును ఆనుకునేంత పెద్ద పసుపు అక్షరాలతో ‘గవరమ్మ’ అని రాశాడు. అప్పటికి గవరమ్మకు పదేళ్లు. వాళ్ల నాన్న అసిరినాయుడు రోజూ నాకు దండం పెట్టిగానీ బండి కదిలించడు. ఇన్నేళ్లూ ప్రమాదం జరక్కుండా కాపాడింది నేనేనని అతని నమ్మకం. బ్రేకులకు కాస్త చిన్నతనంగా ఉండేదేమోగానీ, నేను మాత్రం కాదనలేదు.

పన్నెండేళ్లుగా రోడ్డు చూస్తున్నాను. మొదట్లో చెట్లూ ఊళ్లూ కనిపించేవి. ఇప్పుడు కనిపించేది ముందు లారీ వెనక తలుపే. ఘాట్ రోడ్డులో ఒక బండి ఆగితే వెనక నాలుగు మైళ్లు ఆగిపోతుంది. అందరూ హారన్లు కొడతారు, అడిగితే కొండ పక్కకు జరుగుతుందన్నట్టు.

ఇవాళ అల్లం లోడుతో వస్తుంటే ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. గవరమ్మ తలలో గడ్డకు ఆపరేషన్ ముందుకు జరిపారు. రేపు పొద్దున్న పది గంటలకే, విశాఖలో. ఘాట్ రోడ్డేమో నిన్నటి నుంచీ కదలడం లేదు. బస్సులూ అందులోనే ఇరుక్కున్నాయి. ఘాట్ రోడ్డుకు ఇవతలున్న గూడ్సు యార్డులో లారీలను లోడుతో సహా విశాఖ రైలెక్కిస్తున్నారని విని, అసిరినాయుడు బండి అటు తిప్పాడు.

అక్కడ ఎత్తు కొలిచే ఇనుప కమ్మీకి నేను తగిలాను. సూపర్వైజరు సుగుణకుమారి చెయ్యెత్తి ఆపింది.

“మూడు వేళ్లు ఎక్కువుంది. పైన కరెంటు తీగ. ఈ పేరు చెక్క తీసెయ్యండి.”

నా బోల్టులు తుప్పుపట్టి ఎంతకీ కదల్లేదు. అసిరినాయుడు టైర్లలో గాలి తీశాడు. బండి రెండు వేళ్లు దిగింది.

“ఇంకో వేలుంది నాయుడుగారూ. రంపం ఇప్పిస్తాను, పై అంచు కోసెయ్యండి. ఇరవై నిమిషాల్లో రైలు వెళ్లిపోతుంది.”

అతను రంపం పట్టుకుని నా దగ్గరికి ఎక్కాడు. సరిగ్గా ఆ వేలెడు మేరలోనే నాలుగు అక్షరాల తలకట్లూ ఉన్నాయి. అతను రంపం కిందికి దించాడు.

“రేపు పిల్లకి తల ఆపరేషనండి. ఈయేల దాని పేరుకి తల కొయ్యమంటారేటి? నా వల్ల అవదు. రోడ్డునే ఎలిపోతాను.”

నాకు వణుకు పుట్టింది. కోస్తారని కాదు, కొయ్యరని. ఆ రోడ్డు సంగతి నాకు తెలుసు. రేపు పది గంటలకూ ఏదో లారీ వెనక తలుపు చూస్తూ నిలబడి ఉంటాం. నోరుంటే కొయ్యమనే అరిచేదాన్ని.

అంతలో గవరమ్మే ఫోన్ చేసింది. తండ్రి తడబడుతూ సంగతి చెప్పాడు. ఆ పిల్ల నవ్వింది.

“నాకూ ఇందాకే గుండు గీసీసినారు నాన్నా. దాని తలకట్లు కూడా తీసీ. ఇద్దరం ఒకలాగే ఉంటాం. నువ్వు మాత్రం వచ్చీ... నాకు బయ్యంగా ఉంది.”

అసిరినాయుడు రంపం ఆడించాడు. రాలిన పొట్టు అతని తడి చెంపలకు అంటుకుంది.

రైలు కదిలింది. పక్కన ఘాట్ రోడ్డు మీద లారీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. రేపు ఏమవుతుందో నాకు తెలియదు. చెక్కనే అయినా భయంగానే ఉంది. మొదటి స్టేషన్లో పచ్చజెండా పట్టుకున్న పెద్దాయన నావైపు చూశాడు. తడుముకోకుండా పైకే చదివాడు:

“గవరమ్మ.”