ఎడమచేతికి మార్చిన పెద్ద ఫిడేలు

మార్కాపురం పలకల గనిలో రాయి జారిపడి పౌలు ఎడమచేతి వేళ్ళు నలిగిపోయాయి. బొటనవేలూ చూపుడువేలూ మాత్రం మిగిలాయి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు మాట అది. గనివాళ్ళు అతన్ని పలకల కట్టల దగ్గర కాపలాకు పెట్టారు. పౌలు పనికి పోతున్నాడు గాని, ఆదివారాలు చర్చికి పోవడం మానేశాడు.

అంతకుముందు చర్చిలో డబుల్ బేస్ వాయించేది అతనే. ఎప్పుడో ఒక దొర తన దేశం వెళ్ళిపోతూ వదిలిపోయిన వాయిద్యం అది. మనిషికన్నా ఎత్తు. ఊళ్ళో అందరూ పెద్ద ఫిడేలు అంటారు. పౌలు మంచంలో ఉన్న ఎండాకాలంలోనే దాని పైచెక్క చీలింది, లోపల అంటించిన పొడుగాటి బద్దె ఊడిపోయింది. సంఘపెద్ద ప్రభాకరరావు మాస్టారు దాన్ని బండి మీద వీరభద్రయ్య దుకాణానికి పంపించాడు. వీరభద్రయ్య వడ్రంగి. హార్మోనియాలు, వీణలు కూడా బాగుచేస్తాడు. బడికి కొత్తగా వచ్చిన టీచరు ఒకాయన ఇకమీదట వాయిస్తానన్నాడు.

పైచెక్క విప్పి బల్లమీద పెట్టి ఉండగా పౌలు భార్య భాగ్యమ్మ దుకాణానికి వచ్చింది. తీగలు నొక్కే పని కుడిచేతికి, కమాను లాగే పని ఎడమచేతిలో మిగిలిన రెండు వేళ్ళకు వచ్చేటట్టు దీన్ని మార్చడానికి వీలవుతుందా అని అడిగింది.

తీగల వరుస తిరగేస్తే చాలదన్నాడు వీరభద్రయ్య. లావుతీగల కిందుండే బద్దెను అవతలి పక్కకు మార్చాలి. లోపల నిలబెట్టే చిన్న కర్రను ఇవతలికి తేవాలి. చెక్క విప్పి ఉన్నప్పుడే కుదిరే పని. ఒకసారి అంటించాక మళ్ళీ విప్పితే పాతచెక్క ముక్కలవుతుంది.

"మాస్టారిని అడిగినావామ్మా?"

అడిగానంది. ఒక్క మనిషి కోసం మారిస్తే రేపు ఇంకెవరూ వాయించలేరని మాస్టారు నెమ్మదిగానే కాదన్నాడట.

"పోనీ పౌలుకు తెలుసునా?"

"చెప్తే వద్దంటాడన్నా. ఇంట్లో గోడ తట్టు తిరిగి పడుకుంటాడు. పిలిచినా పలకడు. నాకు భయమైతాంది."

వీరభద్రయ్య ఏ మాటా ఇవ్వకుండా ఆమెను పంపేశాడు. కాని ఉలి పట్టుకున్నప్పుడల్లా, ఆ చెయ్యి తనదైతే ఏమయ్యేదన్న ఆలోచన అతన్ని వదల్లేదు. చివరికి బద్దెను అవతలి పక్కనే అంటించాడు. తీగలను మోసే గుర్రాన్ని కొత్తగా చెక్కి, తీగలు తిరగేసి బిగించి, మాస్టారుకు చెప్పకుండానే చర్చికి పంపాడు. భాగ్యమ్మకు మాత్రం కబురు చేశాడు.

ఆదివారం భాగ్యమ్మ బతిమాలి పౌలును చర్చికి తీసుకొచ్చింది. కొత్త టీచరు కమాను లాగేసరికి పాట ఒకటి, స్వరం ఒకటి పలికింది. ఆయన తీగలకేసి తెల్లబోయి చూశాడు. జనం గుసగుసలాడారు. భాగ్యమ్మ లేచి, తానే చేయించానని, తన భర్త కోసమని చెప్పింది. అందరి చూపులూ పౌలు చేతిమీదికి పోయాయి. అతను ఆ చేతిని కండువాలో దాచుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మరునాడు మాస్టారు వచ్చి మళ్ళీ మార్చమన్నాడు. మార్చలేనని, తప్పు తనదేనని వీరభద్రయ్య ఒప్పుకున్నాడు. మాస్టారు తిరిగి వెళ్ళిపోయాడు. పెద్ద ఫిడేలు చర్చి మూలన పలక్కుండా నిలబడిపోయింది. భార్య పెట్టిన అన్నం పౌలు ముట్టలేదు. తనే వండుకున్నాడు.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం చర్చి ఊడ్వబోయిన భాగ్యమ్మకు ఇంట్లో ఉండాల్సిన చర్చి తాళంచెవి కనబడలేదు. వెళ్ళి చూస్తే తలుపు తీసి ఉంది, లోపల ఎద్దు మూలిగినట్టు చప్పుడు వినిపించింది. పౌలు. కమానును మిగిలిన రెండు వేళ్ళకూ గుడ్డపీలికతో కట్టుకుని లాగుతున్నాడు. అలవాటు లేని కుడిచేతి వేళ్ళు తీగమీద తడబడుతున్నాయి. ఆమెను చూసి ఆపాడు.

"నన్నొక మాట అడగాల గదా."

"వద్దంటావని అడగలేదు."

"వద్దనేవాణ్ణే. అయినా అడగాల. అంతమందిలో నా చెయ్యి చూపించినావు."

భాగ్యమ్మ చేతిలో చీపురు కింద పెట్టింది. కళ్ళు తుడుచుకుంది. పీలిక జారిపోతుంటే పౌలు చెయ్యి ముందుకు చాచాడు. ఆమె దగ్గరికి వచ్చి గట్టిగా ముడివేసింది.

ఆ ఆదివారం అతను వాయించలేదు. తర్వాతి ఆదివారం కూడా లేదు. సాయంత్రాలు వాయించుకోవడానికి చర్చి తాళంచెవి మాత్రం అతని దగ్గరే ఉండనిమ్మన్నాడు మాస్టారు.