నాట్లు వేసిన తల

"మెల్లగా! పైపు పెట్టి తోట తడుపుతున్నావా?" అన్నాడతను.

ఆమె స్ప్రే సీసాని కాస్త దూరం జరిపింది. భర్త నెత్తిమీద ఎర్రటి చుక్కలు వరుసలు కట్టి, అప్పుడే నాట్లు వేసిన మడిలా ఉన్నాయి. తల వెనకనుంచి ఒక్కో వెంట్రుకా కుదురుతో సహా తీసి ముందువైపు నాటారు. అవి నిలదొక్కుకునేదాకా ఎండకూడదు, చెయ్యి తగలకూడదు. మాటిమాటికీ సెలైన్ చల్లాలి. ఆ చల్లడం ఆమె పని; అందుకే ఆమె కూడా సెలవు పెట్టింది. అతను దిండ్ల గుట్టకి ఆనుకుని నిద్రపోతే ఆ తల పక్కకి ఒరగకుండా కాపలా కాయడమూ ఆమె పనే. నుదుటి వాపు కళ్ళమీదికి దిగి అతను అద్దం చూసుకుని ఏడిస్తే, ఆ ఏడుపు ఎవరికీ చెప్పకుండా ఉండటం కూడా.

జాలి లేకపోలేదు. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు అతన్ని 'అంకుల్' అన్నారు. మీటింగుల్లో వెనక కుర్చీ వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అత్తయ్యకి మాత్రం ఇదంతా వింత. "మీ మావయ్యకి పెళ్ళినాటికే నెత్తిమీద నాలుగు పోచలు. అయినా ఆయన గుమ్మంలో అడుగు పెడితే ఇంట్లో గరిటె చప్పుడు కూడా ఉండేది కాదు" అనేది. అప్పట్లో మగతనానికి గొంతు చాలు, ఇప్పుడు జుట్టు కావాలి కాబోలు అనుకుంది ఆమె. నోరు మూసుకోవాల్సినవాళ్ళు మాత్రం మారలేదు.

"ఇంక అత్తయ్య చల్లుతారు. నేను తయారవుతాను" అంటూ లేచింది. మధ్యాహ్నం ఇంటర్వ్యూ. ఆమె పనిచేసే మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్ ఇన్‌చార్జి పోస్టు. తాను పని నేర్పినవాళ్ళే తనకి పైవాళ్ళవుతుంటే ఏళ్ళ తరబడి చూసింది. ఈసారి మేనేజర్ మేడమే పిలిచి, "ఇది నీదే" అంది.

అతను గోడవైపు చూపు తిప్పుకున్నాడు. అది ఆమెకి నచ్చలేదు.

ఫోన్ మోగింది. మేడమ్.

"ఎలా ఉన్నావమ్మా? లేవకు, పడుకునే మాట్లాడు. ఇంటర్వ్యూ గురించి బెంగ పెట్టుకోకు. మీ ఆయన చెప్పగానే నీ పేరు పక్కన పెట్టాం. గర్భసంచి తీయడమంటే మాటలా! నేను మీ వీధి మలుపులోనే ఉన్నాను. ఒకసారి చూసి వెళ్తాను."

మేడమ్ ఫోన్ పెట్టేసింది. ఆమె చెయ్యి తనకి తెలియకుండానే పొట్టమీదికి వెళ్ళింది.

"ఏం చెప్పారు మా మేడమ్‌కి?"

"అరవకు. నా సెలవుకి మా ఆఫీసులో ఏదో ఒకటి చెప్పాలిగా! నాకు జ్వరమంటే సర్టిఫికెట్ అడుగుతారు. ఆడవాళ్ళ ఆపరేషనంటే ఎవడూ ఇంకో ప్రశ్న వెయ్యడు. మీ సెక్షన్ ఆవిడ మొగుడు మా ఆఫీసులోనే ఉన్నాడు కదా, రెండు చోట్లా ఒకే మాట ఉండాలని..."

మగవాళ్ళు ప్రశ్న వెయ్యరు, నిజమే. ఆడవాళ్ళు చూడటానికి వస్తారన్నది అతని బుర్రకి తట్టలేదు.

"నా ఇంటర్వ్యూ ఇవాళని తెలిసే చెప్పారా?"

"పోస్టులు మళ్ళీ వస్తాయే. ఈ జుట్టు ఊడితే మళ్ళీ నాటడానికి వెనక కూడా లేదు."

కాలింగ్ బెల్ మోగింది. అతను చప్పున లేచి, గోడకి తల తగలకుండా పక్కగా నడుస్తూ బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నాడు. అత్తయ్య దుప్పటి పట్టుకుని పరుగున వచ్చింది.

"పడుకోవే తల్లీ! ఒక్క పది నిమిషాలు. వాడి పరువు నీ చేతిలో ఉంది."

భుజాలు పట్టి పడుకోబెట్టింది. ఆ దిండ్లకి మందు వాసన. మెడదాకా దుప్పటి పడగానే ఆమెకి నిజంగానే ఒళ్ళు నీరసించింది. ఇలాగే ఉండిపోతే చాలు. మేడమ్ జాలిపడుతుంది, వెళ్ళిపోతుంది, ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. ఎంత తేలిక!

మేడమ్ వచ్చి మంచం పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుంది. "నొప్పి ఎక్కువగా ఉందా?"

ఆమె నోరు తెరిచేలోగా అత్తయ్య అందుకుంది. "ఉండదా అండీ! గడ్డలట. మొత్తం తీసేశారు. ఇంక బరువులు ఎత్తకూడదు, పరుగులు పెట్టకూడదు. ఉద్యోగం కూడా ఎందుకులెమ్మంటున్నాడు మావాడు."

ఈ ఆఖరి మాట ఆమె ఇప్పుడే వింటోంది. బాత్రూం తలుపువైపు చూసింది. అత్తయ్య నోరు జారినట్టు నాలిక కరుచుకుంది. అంటే ఆ మాట అత్తయ్య కల్పించింది కాదు.

మేడమ్ నిట్టూర్చి లేచింది. "ఆరోగ్యం ముందు. ఆ పోస్టుకి ఇంకొకర్ని చూస్తాంలే."

ఆమె దుప్పటి తీసేసింది. మంచం దిగి నిలబడింది. అత్తయ్య మోచెయ్యి పట్టుకుని గిల్లుతున్నా వదిలించుకుని చెప్పులు వేసుకుంది.

"ఆపరేషన్ నాకు కాదు మేడమ్. అది అయినాయన్ని చూసుకోవడానికి వాళ్ళమ్మగారు ఉన్నారు. మీ కారులో చోటుందా?"