పడవ రాని పాట

మాచర్ల నాంచారమ్మ వచ్చిందని వినగానే ఆదెమ్మకు ప్రాణం లేచొచ్చింది. మనిషిని చూశాక మాత్రం అనుమానం మొదలైంది.

మరి అనుమానం రాదా? రెంటచింతల ఎండకు బల్లులు గోడమీంచి రాలి పడుతుంటే, ఆ వచ్చినామె మెడచుట్టూ ఉన్నిగుడ్డ చుట్టుకుని బస్సు దిగింది. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో ఒక రేకుపెట్టె. ఆడపిల్లల బడికి పాటల పంతులమ్మ కావాలని విని వచ్చిందట. మద్రాసు రేడియోలో పాడిన నాంచారమ్మను నేనేనంది. కాగితాలేవమ్మా అంటే, జపాను వాడు బాంబులేస్తాడని నలభై రెండులో మద్రాసు ఖాళీ చేసినప్పుడు పోయాయంది. గొంతేదమ్మా అంటే, టైఫాయిడు తినేసిందంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ప్రతిదానికీ ఒక సాకు సిద్ధంగా ఉంది.

పైగా ఊరు అప్పటికే ఒకసారి దెబ్బతిని ఉంది. పోయిన ఏడు ఒకడు ఖద్దరు టోపీ పెట్టుకుని వచ్చి, స్వాతంత్ర్యం కోసం మూడేళ్ళు జైల్లో ఉన్నానని చెప్పి, నెలరోజులు ఇంటికొక పూట మెక్కిపోయాడు. జైల్లో ఉన్నమాట నిజమే. వంటవాడుగా ఉన్నాడట!

బడి నడిపే మదర్‌గారు తీర్పు ఊరిమీద పెట్టింది. "రేడియోలో నాంచారమ్మ పాట విన్నది మీరే కదా. ఆమే ఈమె అని మీరు చెబితే చేర్చుకుంటాను" అంది. ఆ బడిలోనే రెండో తరగతికి చదువు చెప్పే ఆదెమ్మను పిలిచి, సంగతి తేల్చమంది. ఉద్యోగం రాకపోతే ఆ వచ్చినామెకు పోవడానికి ఇల్లంటూ లేదు. ఆ మాట ఆమె నోటితో అనలేదు గాని, కూర్చున్నంతసేపూ రేకుపెట్టెమీద చెయ్యి తీయలేదు. ఆదెమ్మ అదీ గమనించింది. పెట్టెలో ఏముందో అనుకుంది.

ఆదెమ్మకు ఇంత పట్టింపు ఎందుకంటే, రేడియోలో నాంచారమ్మ పాడిన పడవ పాట ఆమెకు ఉత్త పాట కాదు. అది వాళ్ళమ్మ శౌరమ్మ.

తొమ్మిదేళ్ళ కిందట సర్కారు వారు ఊరికి ఒక రేడియో ఇచ్చారు. చావడి అరుగుమీద చెక్క బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళు. తాళంచెవి ఆదెమ్మ తండ్రి ఇన్నయ్య మొలతాడుకు ఉండేది. ఆయన తప్ప రేడియో చెవి ఇంకొకరు తిప్పడానికి వీల్లేదు. బ్యాటరీ ఖర్చవుతుందని ఒకటే గోల. ప్రతి గురువారం సాయంత్రం నాంచారమ్మ నాలుగైదు పాటలు పాడేది. అందరూ అడిగే పాట ఆఖర్న పాడేది. ఏటి ఒడ్డున ఒక చిన్నపిల్ల, అవతలి ఒడ్డున ఉన్న అమ్మ దగ్గరికి పోవాలని పడవ కోసం చూసే పాట అది.

"ఏటి అవతల అమ్మ ఊరు, ఏమే పడవా రావేమే,
పొద్దు వాలె, నీరు పెరిగె, ఏమే పడవా రావేమే."

అంతే. నీళ్ళు పెరుగుతాయి, చీకటి పడుతుంది, పడవ రాదు. ఆరింటికి చర్చి గంట కొడితే అందరూ అక్కడే మోకరించి త్రికాల జపం చెప్పుకుని, ముక్కులు చీదుకుంటూ ఇళ్ళకు పోయేవాళ్ళు. శౌరమ్మ అయితే అన్నం ముందు కూర్చుని కూడా ఏడ్చేది. "ఆ పిల్ల ఒడ్డుమీదే ఉండిపోయిందే, చీకట్లో ఏమైపోయిందో ఏందో" అనేది. ఒకసారి భర్తకు తెలియకుండా ఆదెమ్మ చేత మద్రాసుకు కార్డు కూడా రాయించింది. నాన్నకు తెలిస్తే వీపు చిట్లుతుందని ఆదెమ్మ పేరు పెట్టలేదు. పేరు లేని కార్డుకు జవాబెట్లా వస్తుంది? రేడియో వచ్చిన మూడో ఏట కలరాలో శౌరమ్మ పోయింది. పోయే ముందు కూడా ఆ పిల్ల ఊసే ఎత్తింది.

అదీ సంగతి. అటువంటి పాటను ఎవరో ఎత్తుకొచ్చి బతుకుతెరువు చేసుకుంటానంటే ఆదెమ్మ ఊరుకుంటుందా?

ఆదివారం పూజ అయ్యాక చావడి దగ్గర అందరూ చేరారు. నాంచారమ్మ వేడినీళ్ళు అడిగి తాగి, కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. గొంతు చీలికలు పీలికలు. అయినా పల్లవిలో ఎక్కడో ఒకచోట ఆదెమ్మ ఒళ్ళు జలదరించింది. ఛీ, మోసపోవడం ఇట్లాగే మొదలవుతుందని తన్ను తాను తిట్టుకుని, చెవులు రిక్కించి విన్నది. పొద్దు వాలింది. నీరు పెరిగింది. పాట అయిపోయింది.

కాని ఆమె ఆపలేదు.

"తెడ్డు చప్పుడు వినబడెనమ్మా, తెల్లని తెరచాప కనబడెనమ్మా,
ఒడ్డుకు వచ్చె పడవా, ఎక్కవే చిట్టీ, అమ్మ అన్నము చల్లారకముందే."

"ఆపమ్మోయ్!" అని ఇన్నయ్య అరుగుమీద అరచేత్తో కొట్టాడు. "ఏ ఊరి పాటమ్మా ఇది? మా పాటలో పడవ రాదు."

"రాకుండా ఎట్లా ఉంటుందండీ?" అంది నాంచారమ్మ తెల్లబోయి.

"రాలేదు గనకనే గందా మా ఆడోళ్ళు కుండలకు కుండలు ఏడ్చింది!" అన్నాడు పక్కింటి బాలశౌరి. "మనకి ఇష్టమవుద్దని తోక తగిలించింది మామా. దొరికిపోయింది."

ఊరంతా ఒక్కటే మాట. నాంచారమ్మ ఆదెమ్మ వంక చూసింది. ఆదెమ్మకు కోపం ముంచుకొచ్చింది.

"మా అమ్మ ఆ పాట విని ఏడ్చేడ్చి పోయిందండీ. నేను పక్కనే కూచుని విన్నా. పడవ లేదు" అంది.

నాంచారమ్మ ఇంకేమీ వాదించలేదు. ఉన్నిగుడ్డ మళ్ళీ చుట్టుకుంది. వాదించకపోవడం కూడా దొంగతనానికి రుజువేనని బాలశౌరి తేల్చాడు.

ఆ సాయంత్రం మాచర్ల బస్సు ఎక్కించి రమ్మని ఇన్నయ్య కూతుర్ని పంపాడు. మర్యాదకేం కాదు. "ఊరు దాటిందాకా కనిపెట్టి ఉండమ్మే. ఇంకో ఇంట్లో దూరుద్దేమో" అన్నాడు. రోడ్డుమీద బొగ్గుతో నడిచే బస్సు ఆగి ఉంది. క్లీనరు పొయ్యి రాజేస్తున్నాడు. నాంచారమ్మ పెట్టెమీద కూర్చుంది. ఆదెమ్మ నాలుగడుగుల దూరంలో, కాపలావాడిలాగా నిలబడింది.

ఆరయింది. చర్చి గంట కొట్టింది. ఆదెమ్మ ఉన్నచోటే మోకరించి కళ్ళు మూసుకుంది. గంట మూడు కొట్టి ఆగుతుంది, మళ్ళీ మూడు కొడుతుంది. నాంచారమ్మకు ఆ జపంతో పనిలేదు. ఆమె తనలో తాను పాడుకుంటోంది. గంట ఆగిన సందులో ఆదెమ్మకు సన్నగా వినిపించింది: తెడ్డు చప్పుడు వినబడెనమ్మా...

ఆదెమ్మ నోట్లో జపం ఆగిపోయింది.

గంట కొట్టగానే నాన్న ఏం చేసేవాడు? "దేవుణ్ణి పిలిచేటప్పుడు ఇంకో గొంతు వినపడగూడదు" అని రేడియో చెవి తిప్పేవాడు. టక్కుమని చప్పుడయ్యేది. ప్రతి గురువారం అదే గంట, అదే టక్కు. జపం అయ్యాక బీరువాకు తాళం పడేది. పాట అక్కడ అయిపోలేదు. నాన్న ఆపేశాడు! ఆ టక్కునే పాటకు ముగింపు అనుకుని ఊరు ఊరంతా ఏడ్చింది.

పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి ఆదెమ్మ జపం సగంలో వదిలేసి లేచింది. అప్పటికే నాంచారమ్మ బస్సెక్కింది. బస్సు కదిలింది. ఆదెమ్మ కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, కేకలేస్తూ ముందుకు పరుగెత్తి అడ్డం నిలబడింది. డ్రైవరు తిట్టిన తిట్లు ఆమె చెవికెక్కలేదు.

"దిగండమ్మా" అంది కిటికీ దగ్గరికి పోయి.

నాంచారమ్మ ఆమెను అనుమానంగా చూసింది. "ఎందుకు? ఇంకో పరీక్షా?"

"పరీక్ష తప్పింది మేమండీ" అంది ఆదెమ్మ. గంట సంగతి, నాన్న చెవి తిప్పిన సంగతి రొప్పుతూ చెప్పింది. "మా అమ్మ చచ్చిందాకా ఆ పిల్ల కోసం ఏడ్చిందండీ. ఒడ్డుమీదే ఉండిపోయిందని..."

నాంచారమ్మ మెల్లగా దిగింది.

"అయితే ఆ కార్డు మీ ఊరిదా?" అంది.

"ఏ కార్డండీ?"

"పేరు లేదు, పోస్టు ముద్ర అలుక్కుపోయింది. చిన్నపిల్ల రాత. ఒక్కసారి ఆ పిల్లకు పడవ పంపించండమ్మా, మా అమ్మ ఏడుస్తన్నది అని ఉంది. రేడియోవాళ్ళు నవ్వారు. పడవ ప్రతివారం వస్తూనే ఉంది గదా, పాపం ఆ బిడ్డకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. అప్పటినుంచీ ఆ చరణం రెండుసార్లు పాడేదాన్ని తల్లీ. రెండోసారి ఇంకాస్త గట్టిగా."

ఆదెమ్మ నడిరోడ్డుమీద బావురుమంది. బస్సులోవాళ్ళంతా తలలు బయటపెట్టి చూశారు. చూస్తే చూశారు. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, రేకుపెట్టె అందుకుని నెత్తిన పెట్టుకుంది. అది చాలా తేలిగ్గా ఉంది.

"పదండమ్మా" అంది. "మా నాన్నకు తర్వాత చెప్దాం. అమ్మ సమాధి దారిలోనే ఉంది."

నాంచారమ్మ మెడకున్న గుడ్డ విప్పి భుజాన వేసుకుని ఆమె వెంట నడిచింది.